విదేశానికి పారిపోయిన నిందితుణ్ని వెనక్కి రప్పించడం: కడప, రాయచోటి, రాజంపేట వైపు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కడప, రాయచోటి, రాజంపేట వైపు ఏ ఊళ్లో అడిగినా కువైట్‌లో ఒక మనిషి ఉన్న ఇల్లు నాలుగడుగుల్లో కనిపిస్తుంది. అందుకే ఇక్కడ నేరం చేసినవాడికి దేశం దాటే దారి ముందే తెలిసి ఉంటుంది. అక్కడ దిగితే గది చూపించే బంధువూ ఉంటాడు. ఆ తర్వాత బాధితుల ఇంట్లో మొదలయ్యే సందేహాలు ప్రతిసారీ అవే. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమయ్యేలా ప్రతి జవాబూ విడిగా రాశాం. పాస్‌పోర్ట్, అప్పగింత చట్టాలవి తప్ప మిగతా సెక్షన్లు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టాలవి. ఐపీసీ స్థానంలో వచ్చిన సంహిత బీఎన్ఎస్. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన సంహితను స్టేషన్లో, కోర్టులో అందరూ పిలిచేట్టే బీఎన్ఎస్ఎస్ అని రాశాం.

## విమానం ఎక్కక ముందు

ఎఫ్ఐఆర్ అయింది. వాడు పాస్‌పోర్ట్ పట్టుకుని వెళ్లిపోయేలా ఉన్నాడు. ఆపడం ఎలా?

లుకౌట్ సర్క్యులర్ ముఖ్యమైన దారి. దేశం దాటే చోట, దిగే చోట మనిషిని ఆపమని ఇమ్మిగ్రేషన్ వాళ్లకు చెప్పే కాగితం అది. దాన్ని ఎల్ఓసీ అంటారు. ఇచ్చేది కేంద్ర హోం శాఖ కింద ఉన్న ఇమ్మిగ్రేషన్ బ్యూరో. అడగాల్సింది జిల్లా ఎస్పీ. ఎస్ఐ, సీఐ స్థాయిలో అది కుదరదు కాబట్టి మీ అర్జీ స్టేషన్లో ఒకటి, ఎస్పీ ఆఫీసులో ఒకటి పడాలి. రెండింటికీ రసీదు తీసుకోండి. ఎల్ఓసీ తెరవాలంటే మనిషిని గుర్తించే వివరాలు పక్కాగా ఉండాలి: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు. పాస్‌పోర్ట్ నంబరు దొరక్క ఆగిపోయే కేసులే ఎక్కువ. పాత వీసా కాపీ, టికెట్, పంపించిన ఏజెంటు దగ్గరున్న జిరాక్సు, పెళ్లికి ఇచ్చిన బయోడేటా, ఇలా నంబరు దొరికే కాగితం ఏదున్నా మొదటి రోజే దర్యాప్తు అధికారి చేతికివ్వండి. అనంతపురం నుంచి బెంగళూరు విమానాశ్రయం సుమారు మూడు గంటల దారి. కర్నూలు నుంచి శంషాబాద్ కూడా అంతే. కాగితం రేపు ఇద్దాంలే అనుకుంటే ఈ రాత్రే మనిషి దాటిపోతాడు.

పక్క రాష్ట్రానికి పోతే కూడా అప్పగింత అడగాలా?

అక్కర్లేదు. అప్పగింత (ఎక్స్‌ట్రడిషన్) అంటే పారిపోయి వచ్చినవాణ్ని ఒక దేశం ఇంకో దేశానికి అప్పజెప్పడం, అది దేశాల మధ్య వ్యవహారం. బళ్లారిలో దాక్కున్నా, చెన్నైలో దాక్కున్నా మన కోర్టు ఇచ్చిన వారెంటు దేశమంతా చెల్లుతుంది. పట్టుకున్న చోటు వారెంటు ఇచ్చిన కోర్టుకు 30 కిలోమీటర్లకు మించి దూరంలో ఉంటే ముందు అక్కడి మేజిస్ట్రేట్ ఎదుట హాజరుపరచి తీసుకురావాలి. ఇంకో కేసులో ఇప్పటికే జైల్లో ఉంటే పీటీ వారెంటు (ఖైదీని ఆ జైలు నుంచి మన కోర్టుకు తెప్పించే వారెంటు) వేస్తారు.

పాస్‌పోర్ట్ లాగేసుకుంటే వాడే దిగి వస్తాడు కదా?

కొన్నిసార్లు వస్తాడు. క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తున్నా, అరెస్టు వారెంటు ఉన్నా, 1967 పాస్‌పోర్ట్ చట్టం సెక్షన్ 10(3) కింద పాస్‌పోర్ట్ అధికారి దాన్ని జప్తు చేయొచ్చు, రద్దు చేయొచ్చు. ఆ అధికారం పాస్‌పోర్ట్ అధికారిదే. పోలీసులు దర్యాప్తు కోసం స్వాధీనం చేసుకోగలరు గానీ తమ దగ్గరే అట్టిపెట్టుకోలేరని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. గల్ఫ్‌లో ఉన్నవాడి మీద ఇది బాగా పనిచేస్తుంది. పాస్‌పోర్ట్ చెల్లకపోతే అకామా (అక్కడ ఉండే అనుమతి) రెన్యువల్ ఆగుతుంది, కఫీల్ (అక్కడ హామీ ఉన్న యజమాని) కూడా ఉంచుకోడు. చివరికి ఔట్‌పాస్ (పాస్‌పోర్ట్ లేనివాళ్లు తిరిగి రావడానికి రాయబార కార్యాలయం ఇచ్చే పత్రం) మీద ఇండియా విమానం ఎక్కాల్సి వస్తుంది, దిగిన చోట ఎల్ఓసీ పట్టుకుంటుంది. ఛార్జిషీట్ పడి, ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంటు) జారీ అయ్యాక పోలీసులు పాస్‌పోర్ట్ ఆఫీసుకు రాసిన ఉత్తరానికి బలం ఎక్కువ.

## రెడ్ కార్నర్ నోటీసు

రెడ్ కార్నర్ పడితే కువైట్ పోలీసులు వెంటనే పట్టుకుంటారా?

పట్టుకోవచ్చు, పట్టుకోకపోవచ్చు. రెడ్ నోటీసు అరెస్టు వారెంటు కాదు. ఫలానా మనిషి ఫలానా దేశానికి కావాలి, ఎక్కడున్నాడో చూసి ఆపి ఉంచండి అని అంతర్జాతీయ పోలీసు సంస్థ ఇంటర్‌పోల్ తన 196 సభ్య దేశాలకు పంపే విన్నపం అది. దాని మీద అరెస్టు చేయాలా వద్దా అన్నది ఆ దేశపు చట్టం చెబుతుంది. మన దేశం తరఫున ఇంటర్‌పోల్‌తో మాట్లాడేది సీబీఐ. జిల్లా పోలీసుల విన్నపం రాష్ట్రంలోని సంధాన అధికారి ద్వారా అక్కడికి చేరుతుంది. 2025 జనవరిలో మొదలైన భారత్‌పోల్ పోర్టల్‌తో ఈ ఉత్తర ప్రత్యుత్తరాలు ఆన్‌లైన్‌లోకి మారాయి. నోటీసు ఐదేళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించమని అడగాలి. ఆ సంగతి గుర్తుపెట్టుకునే మనిషి ఒకరు ఇంట్లోనే ఉండాలి. ఐదేళ్లలో స్టేషన్లో ఎందరు అధికారులు మారతారో ఎవరూ చెప్పలేరు.

ఎర్రచందనం కేసుల్లో మన జిల్లా నిందితుడొకడు 2015లో ఇలాంటి నోటీసు మీదే మారిషస్‌లో దొరికాడు. అదే ఏడాది నవంబరులో అతణ్ని వెనక్కి తెచ్చారు.

అల్లుడి మీద 498ఎ పెట్టాం. రెడ్ కార్నర్ వస్తుందా?

498ఎ అంటే భార్యను భర్త, అతని బంధువులు హింసించిన నేరం. ఆ ఒక్క సెక్షన్ మీద చాలా కష్టం. కుటుంబ వ్యవహారాల నుంచి, సొంత తగాదాల నుంచి పుట్టిన నేరాలకు రెడ్ నోటీసు ఇవ్వకూడదని ఇంటర్‌పోల్ నిబంధనల్లోనే ఉంది. విచారణ కోసం కావలసిన మనిషైతే ఆ నేరానికి గరిష్ఠ శిక్ష కనీసం రెండేళ్లు ఉండాలి. 498ఎ, అంటే ఇప్పటి బీఎన్ఎస్ 85, మూడేళ్ల దాకా శిక్ష ఉన్నదే అయినా కుటుంబ వ్యవహారం అన్న అడ్డు అలాగే ఉంటుంది. కట్నం అడగడం చాలా దేశాల్లో నేరమే కాదు, కాబట్టి అప్పగింతలోనూ ఇదే ఇబ్బంది. కొట్టడం, ఎముక విరగడం, హత్యాయత్నం లాంటివి నిజంగా జరిగి ఉంటే ఆసుపత్రి కాగితాలతో ఆ సెక్షన్లు ఎఫ్ఐఆర్‌లోకి రావాలి. జరగనివి కలిపితే మాత్రం ఉన్న కేసు కూడా పలచబడుతుంది. వట్టి 498ఎలో ఎల్ఓసీ, పాస్‌పోర్ట్ చర్య, భారత రాయబార కార్యాలయం ద్వారా సమన్లు అందించడం, ఈ మూడే నిజంగా పనికొచ్చే దారులు.

వాడు ఏ దేశంలో ఉన్నాడో కూడా తెలీదు.

అప్పుడు బ్లూ నోటీసు. అది మనిషి ఆచూకీ, గుర్తింపు వివరాలు అడగడానికి మాత్రమే.

## ఫైలు తయారయ్యే చోట

అప్పగింత కోసం మేం ఢిల్లీకి అర్జీ పెట్టుకోవచ్చా?

పెట్టినా అది జిల్లాకే తిరిగొస్తుంది. కుటుంబం నేరుగా అప్పగింత అడగలేదు. దర్యాప్తు అధికారి కాగితాలు సిద్ధం చేస్తాడు, కేసు నడిచే కోర్టు దాన్ని ధ్రువీకరిస్తుంది, ఎస్పీ పైకి పంపుతాడు, రాష్ట్ర హోం శాఖ దాటి కేంద్ర విదేశాంగ శాఖకు చేరుతుంది. 1962 అప్పగింత చట్టం ప్రకారం వేరే దేశాన్ని అడిగేది కేంద్ర ప్రభుత్వమే, అదీ దౌత్య మార్గంలో. అందరి చూపూ ఢిల్లీ మీదే ఉంటుంది గానీ ఫైలు నిలిచేదీ పడిపోయేదీ మన మేజిస్ట్రేట్ కోర్టు గుమస్తా బల్ల మీదే. మీ ఓపికంతా అక్కడ ఖర్చుపెట్టండి.

ఆ ఫైల్లో ఏమేం ఉండాలి?

మామూలుగా ఛార్జిషీట్ పడి, కోర్టు దాన్ని విచారణకు స్వీకరించాకే అప్పగింత అడుగుతారు. ఎఫ్ఐఆర్ దశలో పంపిన ఫైలు నిలవదు. కేసు మొత్తం తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా మొదటి నుంచి చివరి దాకా చెప్పే అఫిడవిట్, కోర్టు సంతకంతో ఎఫ్ఐఆర్ కాపీ, ఛార్జిషీట్, సాక్షుల వాంగ్మూలాలు, పోస్టుమార్టం లేదా గాయాల రిపోర్టు, వర్తించే సెక్షన్ల పూర్తి పాఠం, గడువు తేదీ లేని అరెస్టు వారెంటు, అప్పగించమని కోరుతూ కోర్టు ఉత్తరం. వీటితో పాటు మనిషిని గుర్తుపట్టే ఫొటో, వేలిముద్రలు, పుట్టుమచ్చల వివరాలు. ఎదుటి దేశపు భాషలోకి అనువాదం. ప్రతి పేజీ మీద కోర్టు ముద్ర.

పంపిన ఫైలు ప్రశ్నలతో తిరిగి వచ్చింది. ఎందుకిలా?

పేర్ల దగ్గరే మొదటి దెబ్బ. ఎఫ్ఐఆర్‌లో ఊళ్లో పిలిచే పేరు ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ముందో వెనకో పడుతుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. కువైట్ సివిల్ ఐడీ మీదికి వచ్చేసరికి పేరు అరబ్బీ లిపిలోకి మారుతుంది. అరబ్బీలో ప అక్షరం లేదు, దాని చోట బ రాస్తారు. ఇక్కడి పెంచలయ్య అక్కడ బెంచలయ్య. ఆ ఇద్దరూ ఒకరేనని చెప్పే కాగితం ఫైల్లో లేకపోతే పట్టుకున్న మనిషిని కూడా వదిలేయాల్సి వస్తుంది. అందుకే అఫిడవిట్‌లో పేరు ఎన్ని రకాలుగా వాడుకలో ఉందో అన్నీ రాసి, పాస్‌పోర్ట్ నంబరుతో ముడిపెట్టాలి.

రెండో దెబ్బ అనువాదం. సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లిషులోకి, అక్కణ్నుంచి అరబ్బీలోకి వెళుతుంది. సాక్షి వేటకొడవలి అన్నాడనుకోండి. ఒక వాంగ్మూలంలో అది కొడవలిగా, ఇంకోదాంట్లో గొడ్డలిగా, పోస్టుమార్టంలో పదునైన ఆయుధంగా పడితే అక్కడి డిఫెన్స్ లాయరుకు అంతకంటే ఏం కావాలి? ఆయుధానికీ, స్థలానికీ, చుట్టరికానికీ ఒకే మాట చివరిదాకా వాడేలా పదాల పట్టిక ముందే రాసుకుంటే ఈ ప్రమాదం పోతుంది. మామ అంటే మేనమామా, పిల్లనిచ్చిన మామా అన్నది ఇక్కడ అందరికీ తెలుసు, అక్కడి జడ్జికి తెలియదు.

మూడోది తేదీలు. వారెంటు మీద ఫలానా తేదీలోగా అమలు చేయాలి అని ఉంటే, ఫైలు రాయబార కార్యాలయం చేరేసరికి ఆ తేదీ దాటిపోతుంది.

మా కేసు ఎల్‌పీసీలో పెట్టేశారన్నారు. అంటే ఏంటి?

నిందితుడు దొరక్కపోతే, మిగతావాళ్ల విచారణ ఆగకుండా అతని కేసును విడదీసి వేరే నంబరిస్తారు. ఎన్‌బీడబ్ల్యూ అమలు కాకుండా చాలాకాలం గడిస్తే దాన్ని దీర్ఘకాల పెండింగు రిజిస్టరుకు మారుస్తారు. అదే ఎల్‌పీసీ. కేసు కొట్టేసినట్టు కాదు, కానీ వాయిదాల జాబితాలో ఇక కనిపించదు. హత్య కేసైతే సెషన్స్‌కు పోకుండా మేజిస్ట్రేట్ కోర్టులో పీఆర్‌సీ నంబరు (సెషన్స్‌కు పంపేదాకా ఉండే నంబరు) మీదే పడి ఉంటుంది. నిందితుడు ఫలానా దేశంలో ఉన్నాడని ఆధారం దొరికిన రోజున, ఆ నంబరు వేసి, కేసును మళ్లీ పైకి తీసి ఓపెన్ డేటెడ్ (గడువు తేదీ లేని) వారెంటు ఇవ్వమని ఏపీపీ (కోర్టులో ప్రభుత్వం తరఫు లాయరు) ద్వారా మెమో వేయించండి. పాత నంబరు, విడదీసిన నంబరు రెండూ మీ దగ్గర రాసి ఉండాలి. ఈ రెండు నంబర్లు లేక కాపీ సెక్షన్ చుట్టూ నెలలు తిరిగే కుటుంబాలను చూస్తే బాధేస్తుంది.

గల్ఫ్ దేశాలతో మనకు ఒప్పందం ఉందా?

ఉంది. యూఏఈతో 1999లో, కువైట్, ఒమన్, బహ్రెయిన్‌లతో 2004లో, సౌదీతో 2010లో కుదిరాయి. అమెరికాతో 1997, బ్రిటన్‌తో 1992. ఒప్పందం లేని దేశాన్ని కూడా పరస్పర హామీ మీద అడగొచ్చు, కాకపోతే ఒప్పుకోవడం వాళ్లిష్టం.

## అక్కడి కోర్టులో

అక్కడ మళ్లీ మొదట్నుంచి విచారణ చేస్తారా?

నేరం చేశాడా లేదా అని తేల్చరు. అడిగిన మనిషి ఇతనేనా, ఆ పని వాళ్ల దేశంలోనూ నేరమేనా, శిక్ష ఏడాది స్థాయికి తగ్గకుండా ఉందా, కేసు రాజకీయ కక్షతో పెట్టిందా, ఇవి చూస్తారు. బ్రిటన్, అమెరికాల్లో విచారణకు సరిపడా ఆధారముందో లేదో కూడా తూస్తారు. మన జైళ్లు ఎలా ఉన్నాయన్నది బ్రిటన్ కోర్టుల్లో పెద్ద వాదన. విజయ్ మాల్యా కేసులో ముంబయి ఆర్థర్ రోడ్ జైలు 12వ బ్యారక్ వీడియో తీసి పంపమని అక్కడి జడ్జి అడిగారు. 2018 డిసెంబరులో అక్కడి మేజిస్ట్రేట్ కోర్టు పంపమని చెప్పినా మాల్యా అక్కడే ఉండిపోయాడు.

మన దగ్గర ఉరిశిక్ష ఉంది కాబట్టి పంపరంటారు. నిజమా?

ఉరి రద్దు చేసిన దేశాల విషయంలో అది నిజమైన అడ్డే. దానికి మన చట్టంలోనే విరుగుడు ఉంది. అప్పగింత చట్టం సెక్షన్ 34సి ప్రకారం, అప్పగించిన దేశంలో ఆ నేరానికి మరణశిక్ష లేకపోతే ఇక్కడ యావజ్జీవం మాత్రమే వేయాలి. 1993 ముంబయి పేలుళ్ల కేసు నిందితుడు అబూ సలేంను పోర్చుగల్ 2005లో అప్పగించింది, ఉరి వేయబోమని, 25 ఏళ్లకు మించి ఉంచబోమని మన ప్రభుత్వం మాటిచ్చాకే. ఆ 25 ఏళ్ల మాట నిలబెట్టుకోవాలని సుప్రీంకోర్టు 2022లో కేంద్రానికి చెప్పింది. కువైట్‌లో మరణశిక్ష ఉంది కాబట్టి అక్కడ ఈ ప్రశ్న రాదు.

దొరికాడని ఫోనొచ్చింది, ఫైలు ఇంకా సిద్ధం కాలేదు. వదిలేస్తారా?

అత్యవసరమైతే పూర్తి ఫైలు లేకుండానే తాత్కాలిక అరెస్టు అడగొచ్చు. కానీ అమెరికా, బ్రిటన్ ఒప్పందాల్లో ఆ గడువు 60 రోజులు. ఆలోగా పూర్తి ఫైలు అనువాదంతో సహా చేరకపోతే విడిచిపెట్టొచ్చు. కడప నుంచి మొదలయ్యే ఫైలుకు 60 రోజులంటే చాలా తక్కువ. అందుకే మనిషి దొరక్క ముందే కాగితాలు కట్టి ఉంచాలి.

ఇంత తతంగం ఎందుకు, వీసా రద్దు చేసి పంపేస్తే చాలదా?

చాలా కేసుల్లో జరిగేది అదే. అకామా లేకుండా దొరికినవాణ్ని ఆ దేశం తన వలస చట్టం కింద బయటికి పంపుతుంది. దాన్ని డిపోర్టేషన్ అంటారు. త్వరగా అయిపోతుంది. కానీ మన చేతిలో లేదు. ఏ రోజు, ఏ విమానంలో పంపుతారో ముందుగా తెలియకపోవచ్చు. అనుమతి లేకుండా ఉంటున్నవాళ్లకు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాస్‌ల మీద వేలమంది ఒకేసారి దిగుతారు. ఎల్ఓసీ సరిగ్గా ఉంటేనే ఆ గుంపులో మనిషి ఆగుతాడు.

## వచ్చాక, రాకపోతే

తిరిగొచ్చాక వాడి పాత కేసులన్నీ తిరగదోడొచ్చా?

అప్పగింత మీద వస్తే కుదరదు. ఏ నేరాలకు అడిగి తెచ్చారో వాటికే విచారించాలని అప్పగింత చట్టం సెక్షన్ 21 చెబుతుంది. తిరిగి వెళ్లే అవకాశం ఇచ్చాక మాత్రమే మిగతావి ముట్టుకోవచ్చు. కాబట్టి అతని మీద రెండు స్టేషన్లలో మూడు కేసులుంటే మూడింటికీ కలిపి అడగాలి. డిపోర్టేషన్ మీద వచ్చినవాడికి ఈ రక్షణ లేదు.

ఎప్పటికీ రాకపోతే మా కేసు అంతేనా?

కాదు. పదేళ్లు, అంతకు పైన శిక్షపడే నేరమైతే కోర్టు అతన్ని ప్రకటిత నేరస్థుడని తేల్చి, బీఎన్ఎస్ఎస్ 356 కింద అతను లేకుండానే విచారణ జరపొచ్చు. దానికి మెట్లున్నాయి: కనీసం 30 రోజుల ఎడంతో వరసగా రెండు వారెంట్లు, అతను చివరగా ఉన్న ప్రాంతంలో చదివే పత్రికలో ప్రకటన, బంధువుకో స్నేహితుడికో సమాచారం, ఇంటి గోడ మీదా స్టేషన్లోనూ నోటీసు అంటించడం. అభియోగాలు ఖరారయ్యాక 90 రోజులు ఆగి విచారణ మొదలవుతుంది. ఒక్కటి ఎగ్గొట్టినా తర్వాత తీర్పే కూలుతుంది. ఇంకో చిక్కు: మనిషి లేకుండా పడిన శిక్ష మీద అప్పగించాలంటే కొన్ని దేశాలు మళ్లీ విచారిస్తారా అని అడుగుతాయి. కంటితో చూసిన సాక్షి వయసు మీద పడినవారైతే ఈలోగా బీఎన్ఎస్ఎస్ 335 కింద వారి సాక్ష్యం నమోదు చేయించండి. వాళ్లు పోయినా ఆ మాట మిగులుతుంది.

ఆస్తి మీదికి కూడా వెళ్లొచ్చు. ఇక్కడి పొలం, ఇల్లు బీఎన్ఎస్ఎస్ 85 కింద జప్తు చేయొచ్చు. విదేశంలో ఉన్న ఆస్తికి బీఎన్ఎస్ఎస్ 86 ఉంది, ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి కోర్టును రాతపూర్వకంగా అడగాలి.

## అవతలి వైపు కుటుంబాలు అడిగేవి

మా వాడి మీద అన్యాయంగా కేసు పెట్టారు. సెలవుకొస్తే ఎయిర్‌పోర్ట్‌లోనే పట్టుకుంటారా?

ఎల్ఓసీ ఉంటే ఆపుతారు. 2021 నిబంధనల ప్రకారం, అడిగిన అధికారి తీసేయమనే దాకా అది నడుస్తూనే ఉంటుంది. దాక్కునే కొద్దీ పరారీ అన్న ముద్ర గట్టిపడుతుంది. లాయరు ద్వారా ముందస్తు బెయిలు, వారెంటు ఉంటే దాన్ని వెనక్కి తీసుకోమని పిటిషన్, కోర్టు చెప్పిన తేదీకి వస్తానని టికెట్ కాపీతో హామీ, ఇవి పెట్టి రావడం మేలు. రెడ్ నోటీసు తప్పుగా పడిందనుకుంటే ఇంటర్‌పోల్ ఫైళ్లను పరిశీలించే కమిషన్‌కు ఎవరైనా నేరుగా, ఉచితంగా రాసుకోవచ్చు.

దుబాయ్ బ్యాంకు అప్పు ఎగ్గొట్టి వచ్చేశాడు. పట్టుకుపోతారా?

ఉత్త అప్పుకు అప్పగింత ఉండదు. కానీ 2020 జనవరి నుంచి యూఏఈ సివిల్ కోర్టుల డిక్రీలను మన జిల్లా కోర్టులోనే అమలు చేయించుకోవచ్చు. నోటీసు వస్తే పక్కన పడేయకండి, ఇంటి మీదికి జప్తు వస్తుంది.

అక్కడ నేరం చేసి ఇక్కడికొచ్చేస్తే?

యూఏఈ ఒప్పందంలో సొంత పౌరుల్ని అప్పగించరు. బదులుగా ఇక్కడే విచారించాలి. మన పౌరుడు బయటి దేశంలో చేసిన నేరాన్ని ఇక్కడి కోర్టు విచారించాలంటే బీఎన్ఎస్ఎస్ 208 కింద కేంద్రం ముందస్తు అనుమతి కావాలి.

కువైట్‌లో మాకు మనుషులున్నారు, డబ్బులిస్తే పట్టి పంపిస్తామంటున్నారు. ఇవ్వమంటారా?

వద్దు. అప్పగింత ఖర్చు, అనువాదం, ఎస్కార్ట్ పోలీసుల టికెట్లు ప్రభుత్వానివే, కుటుంబం పైసా కట్టక్కర్లేదు. అక్కడ ప్రైవేటుగా మనిషిని పట్టుకోవడం నేరం. పట్టుకున్నవాళ్లు జైలుకు పోతారు, నిందితుడు బాధితుడవుతాడు. ఫొటో వేసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం కూడా మానండి. అది ముందుగా చేరేది అతనికే, రెండో రోజుకు గది మారుస్తాడు. అతను పంపిన వాయిస్ మెసేజులు, కాల్ వివరాలు ఉన్న ఫోనును మాత్రం మార్చకుండా, డిలీట్ చేయకుండా దర్యాప్తు అధికారికి అప్పగించి రసీదు తీసుకోండి. 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు చెప్పడం ఇప్పుడు పోలీసుల బాధ్యత. చెప్పకపోతే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 193 పేరు రాసి ఎస్పీకి అర్జీ ఇవ్వండి.